తరం మారిందా, మనసు మారిందా?

స్వలింగ వివాహంపై జనాభిప్రాయం మారడానికి రెండు కారణాలు చెబుతారు: పాతతరం పోయి కొత్తతరం రావడం, ఉన్నవాళ్లే మనసు మార్చుకోవడం.

మొదటిది నిజమే గానీ నత్తనడక. అమెరికాలో గ్యాలప్ అనే సంస్థ చేసే జనాభిప్రాయ సర్వేల ప్రకారం 1996లో 27 శాతమున్న మద్దతు 2021కి 70 శాతమైంది. పాతికేళ్లలో అంత మార్పు తరం మారినంత మాత్రాన రాదు. పెద్దవాళ్లలోనూ మద్దతు పెరిగింది.

అందుకే నా మొగ్గు రెండోదానికి. అది పరిచయంతో వస్తుంది. ఆత్రేయపురంలో నెయ్యి రాసి పూతరేకులు చుట్టే ఏ పెద్దమ్మనైనా అడగండి, "అదేం పెళ్లండీ బాబూ!" అంటుంది. అదే సొంత మేనల్లుడు హైదరాబాదు నుంచి తన తోడుని వెంటబెట్టుకొచ్చి సంగతి చెప్పాడనుకోండి. నాల్రోజులు మూతి ముడుచుకుంటుంది. తర్వాత "ఆ అబ్బాయి చేపలపులుసు తింటాడేంట్రా?" అని ఆరా తీస్తుంది.

మన దగ్గర 2018లో సుప్రీంకోర్టు స్వలింగ సంబంధం నేరం కాదంది. దాంతో చెప్పుకునే ధైర్యం కొంత వచ్చింది. 2023లో పెళ్లికి చట్టబద్ధత మాత్రం ఇవ్వలేదు. అదే ఏడాది ప్యూ అనే అమెరికా పరిశోధనా సంస్థ సర్వేలో 53 శాతం భారతీయులు ఆ చట్టబద్ధతకు సరేనన్నారు. వాళ్లలో ఎందరు అక్షింతలు వెయ్యడానికి వస్తారో మాత్రం నాకు అనుమానమే.