నవల దిద్దుకోవడానికి ఎడ్జ్ బ్రౌజర్ ‘రీడ్ అలౌడ్’: చెవికి చిక్కేవి, చిక్కనివి

ప్రచురణకర్తకు పంపేముందు నవలను మరో గొంతులో వినడం చాలా అవసరం. మైక్రోసాఫ్ట్ ఎడ్జ్‌లోని ‘రీడ్ అలౌడ్’ ఆ పని ఉచితంగా చేస్తుంది. తెలుగుకు శ్రుతి, మోహన్ అని రెండు గొంతులున్నాయి. రెంటికీ నెట్ కావాలి.

అధ్యాయాన్ని వర్డ్‌లో వెబ్ పేజీగా సేవ్ చేసి ఎడ్జ్‌లో తెరవండి. పీడీఎఫ్ అయితే సంయుక్తాక్షరాలు చెదిరి ఉచ్చారణ తప్పే అవకాశం ఎక్కువ. కంట్రోల్, షిఫ్ట్, యు కలిపి నొక్కితే చదవడం మొదలవుతుంది. వాయిస్ ఆప్షన్స్‌లో వేగం కాస్త తగ్గించుకోండి. బెజవాడ డీటీపీ సెంటర్లో అనూ ఫాంట్లతో కొట్టించిన ఫైలైతే ముందు యూనికోడ్‌లోకి, అంటే ఏ కంప్యూటరైనా తెలుగుగా గుర్తుపట్టే కోడ్‌లోకి మార్పించాలి. ఆ ఫాంట్లు ఇంగ్లిషు అక్షరాల కోడ్‌ల మీదే తెలుగు ఆకారాలు పెట్టుకున్నాయి కాబట్టి, మార్చకపోతే వినిపించేదంతా గోలే. మార్చాక వత్తులు సరిచూసుకోవడం మరవద్దు.

దీని అసలు బలం భావం లేని చదువులో ఉంది. రాసినవాళ్లు చదివితే లేని ఉద్వేగాన్ని గొంతుతో నింపేస్తారు. ఈ గొంతు ఆ సాయం చేయదు. ‘లేచి, మొహం కడిగి, కాఫీ తాగి, చెప్పులేసుకుని, తలుపేసి’ అంటూ సాగే వాక్యంలో కర్త ఎక్కడ తప్పిపోయాడో వెంటనే తెలుస్తుంది. ప్రతి మాట చివరా ‘అన్నాడు’, ఇద్దరు ఆడవాళ్లున్న పేరాలో ఎవరో తెలియని ‘ఆమె’, ఒకచోట ‘ఏందిరా’ అన్న గుంటూరు తాత మరోచోట ‘ఏమిటిరా’ అనడం, ఇవన్నీ చెవికి గుచ్చుకుంటాయి. వింటూ దిద్దకండి, వర్డ్ ఫైల్లో ఆ చోట పసుపు రంగు పూసి వదిలేయండి. అధ్యాయం అయ్యాకే దిద్దాలి, లేకపోతే నడక వినపడదు.

శ, ష తారుమారైతే మాత్రం చెవి పట్టుకోలేదు. వాస్తవాలూ అంతే. 2010లో జరిగే కథలో నాయిక విజయవాడలోని కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కితే శ్రుతి హాయిగా చదివేస్తుంది; అది తెరిచింది 2020లో. 2022 ఏప్రిల్ కంటే ముందు జరిగే కథలో విజయవాడను ఎన్టీఆర్ జిల్లా అన్నా అడ్డుచెప్పదు. సంవత్సరాల పట్టిక విడిగా రాసుకుని సరిచూడాల్సిందే.

సన్నివేశాలు తీసేయడం, కలపడం పూర్తికాకముందు దీన్ని వాడితే శ్రమ వృథా, రేపు కొట్టేసే పేజీలకే మెరుగులు దిద్దినట్టవుతుంది. విన్నాక అక్షరదోషాల కోసం ఏ4 కాగితం మీద ఒకవైపే, లైన్ స్పేసింగ్ ఒకటిన్నర, కుడివైపు రెండంగుళాల మార్జిన్‌తో ప్రింటు తీయించండి.