రవాణా విమానం చెక్క నమూనాకు టేకు, మహాగని, అంకుడు: ఏది మేలు?

"టేకుతో చేయించండి, తరతరాలు ఉంటుంది" అని ఎవరైనా అనేస్తారు. తలుపుకైతే ఆ మాట నిజమే. రెండు వేళ్ల వెడల్పుతో మొదలై చివరికి అట్టముక్కంత పలచబడే విమానం రెక్కకు మాత్రం లెక్క వేరు. అసలు కర్ర సంగతి రెండోది. నమూనాకు రంగు వేస్తారా, చెక్క కనబడేలా పాలిష్ చేస్తారా అన్నది ముందు తేలాలి. ఇది తేలకుండా కర్ర కొంటే డబ్బూ శ్రమా రెండూ వృథా.

లెక్క కోసం మన వాయుసేనలో 2011లో చేరిన సీ-130జే సూపర్ హెర్క్యులస్‌ను తీసుకుందాం. మనది పొడవు పెంచిన రకం: పొడవు 34.37 మీటర్లు, రెక్కల చివరి నుంచి చివరికి 40.41 మీటర్లు. 1:100 కొలతలో చేస్తే 34.4 సెం.మీ., 40.4 సెం.మీ. వస్తుంది. ఒంటికి, అంటే రెక్కలూ తోకా అతికే గొట్టం భాగానికి, 36 × 5 × 5 సెం.మీ. దిమ్మ, రెక్కకు 42 × 6 × 1.2 సెం.మీ. పలక, తోకకు రెండు చిన్న పలకలు, ఇంజన్లకు నాలుగు ముక్కలు కావాలి. మొత్తం కలిపినా ఘనపుటడుగులో ఇరవయ్యో వంతు దాటదు. కాబట్టి దుంగ కొననక్కర్లేదు. బెంగళూరులో మైసూరు రోడ్డు వైపు కలప అడితీల్లో తలుపు చట్రాలు కోయగా మిగిలిన ముక్కలు అడిగి తెచ్చుకుంటే చాలు. ముక్క ఏరేటప్పుడు చివరలు చూడండి. పగుళ్లుంటే అది సరిగా ఆరని కర్ర. అంచున చేవ లేని తెల్ల భాగం ఉంటే కోసి పారేయాలి.

ఏ కర్రయినా ఒకటే నియమం: నార ఎటు పోతే బలం అటు. ఒంటిలో నార పొడవునా, రెక్కలో రెక్క వెంట, నిలువు తోకలో నిలువునా పోవాలి. ఒకే దిమ్మలో మొత్తం విమానం చెక్కితే చూడ్డానికి గొప్ప పనే గాని, రెక్కలో నార అడ్డంగా వస్తుంది. తుడిచేటప్పుడు గుడ్డ తగిలినా పుటుక్కున విరుగుతుంది. కొండపల్లి బొమ్మలకు చేతులూ కాళ్లూ విడిగా చెక్కి అతికించే పద్ధతే ఇక్కడా సరైనది.

ఇక టేకు. పాలిష్ నమూనాకు దీని అందం వేరే. కోసినప్పుడు మచ్చలు మచ్చలుగా ఉన్నా, కొన్ని వారాలు వెలుతురు తగిలాక బంగారు గోధుమ రంగుకు సర్దుకుంటుంది. పురుగు బెడద లేదు. ఇబ్బందులు మూడు. కర్రలోని నూనె వల్ల జిగురు సరిగా పట్టదు. అతికించే ముందు ఆ ముఖాలను థిన్నర్‌తో తుడిచి, ఆరగానే జిగురు రాయాలి, మర్నాటికి వదిలితే నూనె మళ్లీ పైకి వస్తుంది. కర్రలో ఇసుక లాంటి సిలికా ఉండటం వల్ల ఉలి తొందరగా మొద్దుబారుతుంది. మూడోది అసలైనది: పలచని అంచులు పెచ్చులూడతాయి. సీ-130 రెక్క మొదట్లో సుమారు 9 మి.మీ. మందం, చివరికి 3 మి.మీ. వెనక అంచును కత్తిలా పదును చేయబోతే టేకు చిట్లుతుంది. 1 మి.మీ. దగ్గర ఆపి కొసను గుండ్రంగా మలిస్తే నిలుస్తుంది.

టేకు మీద రంగు వేయడం మాత్రం వద్దు. దాని రంధ్రాలు వరుసలుగా, పెద్దగా ఉంటాయి. రంధ్రాలు పూడ్చే సీలర్ మూడు పూతలు వేసి గీకినా బూడిద రంగు కింద చారలు తేలతాయి. అంత మంచి చెక్కను రంగు కింద దాచడం కూడా మనసుకు ఒప్పదు.

మహాగనిలో టేకంత మెరుపు లేదు, కానీ మాట వింటుంది. గాలిలో తేమ మారినా ఒంకర పోవడం తక్కువ. ఫిలిప్పీన్స్‌లో చేత్తో చేసి అమ్మే విమాన నమూనాలకు మహాగని వాడటం ఊరికే కాదు. తేమ సంగతి మన దగ్గర మరీ ముఖ్యం. బెంగళూరులో ఆరిన కర్ర చెన్నైకో విశాఖకో వెళ్తే తేమ పీల్చి ఉబ్బుతుంది. కర్రలో తేమ 3 శాతం పెరిగితే 5 సెం.మీ. వెడల్పున్న టేకు రెక్క, ఏటి వలయాలు పలక ముఖం వెంట పడుకున్నట్టు కోసిన పలకైతే, దాదాపు 0.3 మి.మీ. ఉబ్బుతుంది. రెక్క ఒంటితో కలిసే చోట పూత గీతలా పగలడానికి అది చాలు. ఏటి వలయాలు పలక ముఖానికి నిలువుగా నిలబడేలా కోసిన ముక్క ఎంచుకుంటే ఆ కదలిక సగానికి తగ్గుతుంది. మహాగనిలో నార అక్కడక్కడా ఎదురు తిరుగుతుంది, అది దాని లోపం. చిత్రిక అక్కడ పీకేస్తుంది. ఆ చోట చిత్రిక మానేసి 120 నంబరు గరుకు కాగితంతో అరగదీయాలి.

అంకుడు కర్ర ఏటికొప్పాక బొమ్మలది. కన్నడంలో ఆలె మర అంటారు, బెంగళూరుకు దగ్గరలోని చన్నపట్న బొమ్మలూ దీనివే. దంతం రంగు, సన్నని నార. రంగు వేయదలిస్తే దీన్ని మించింది లేదు. సీలర్ ఒక్క పూతకే నున్నబడుతుంది. రవాణా విమానం ఒళ్లు దాదాపు గొట్టమే కాబట్టి నడిమి భాగాన్ని లేత్ మీద తిప్పించుకోవచ్చు. ముక్కు కిందికి వాలినట్టుండాలి, వెనక సామాను తలుపు దగ్గర పొట్ట పైకి లేవాలి. ఆ రెండు చోట్లా దిమ్మను చదరంగానే వదిలి తర్వాత ఉలితో చెక్కాలి. లేత్ మీదే లక్క పట్టించి మొగలి ఆకుతో మెరుగు పెట్టించాలనిపిస్తుంది. కానీ తిరిగే భాగానికే ఆ లక్క పడుతుంది. రెక్కకూ తోకకూ ఆ మెరుపు రాదు, అతుకుల బొంతలా ఉంటుంది.

అంకుడుకు పుచ్చు పురుగు శత్రువు. లీటరు నీటికి 30 గ్రాముల బోరాక్స్, 20 గ్రాముల బోరిక్ యాసిడ్ కలిపి, చెక్కక ముందే ముక్కలను నానబెట్టి, నీడలో పూర్తిగా ఆరనివ్వాలి. ఈ పని చేయకుండా పంపిన నమూనా కింద కొన్ని నెలలకు తెల్లపొడి రాలుతుంది. ఇంకో పరిమితి, చెట్టు చిన్నది కాబట్టి వెడల్పు పలకలు దొరకవు.

కాబట్టి పాలిష్‌కు టేకు, వాయుసేన బూడిద రంగుకు అంకుడు, ఊరు మారే బహుమతికి మహాగని. ఎటూ తేలకపోతే మహాగనే తీసుకోండి.

విమానం ఎంపికలోనూ తేడా ఉంది. సీ-130, ఏఎన్-32 లాంటి వాటికి రెక్క ఒంటి పైన కూర్చుంటుంది. ఒంటి మీద గాడి తీసి, ఒకే పలక రెక్కను అందులో దించి, రెండు కొయ్య మేకులు బిగిస్తే చాలు. డకోటా అనే పాత రవాణా విమానానికి రెక్క కింద, పైగా చివరలు పైకి లేచి ఉంటాయి. మూడు ముక్కలుగా చేయక తప్పదు. పెద్ద జెట్ రవాణా విమానం సీ-17 అన్నిటికన్నా కష్టం. రెక్కలు వెనక్కి సుమారు 25 డిగ్రీలు వాలి, కిందికీ ఒరిగి ఉంటాయి. ఒకే పలకలో కోస్తే నార తెగుతుంది. కుడి ఎడమలు విడిగా, ముందు అంచు వెంట నార పోయేలా కోసి, మధ్యలో అతకాలి. నిలువు తోక నెత్తిన అడ్డతోక ఉంటుంది గనక అక్కడ 2 మి.మీ. ఇత్తడి తీగ లోపల దూర్చకపోతే మొదటి దెబ్బకే ఊడుతుంది. 1:100లో అది 53 సెం.మీ. పొడవు, ఇంటి అలమరలో పట్టదు. 1:144లో చేస్తే 37 సెం.మీ.

పంకాలకు చెక్క వద్దు. సీ-130జేకి ఒక్కో ఇంజనుకు ఆరు వంపు రేకులు. 1:100లో 41 మి.మీ. వ్యాసంలో అన్ని రేకులు చెక్కితే నిలవవు. అంతే వ్యాసంలో 1 మి.మీ. మందం పారదర్శక అక్రిలిక్ బిళ్ల పెడితే తిరుగుతున్నట్టే ఉంటుంది.

వానాకాలంలో ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) లక్కర్ స్ప్రే చేస్తే పైన పాలపొరలా తెల్లబారుతుంది. థిన్నర్ ఆవిరయ్యేటప్పుడు ఉపరితలం చల్లబడి గాలిలోని తేమ దానిమీద పేరుకోవడమే కారణం. ఎండ కాసే రోజు దాకా ఆగండి, లేదా నెమ్మదిగా ఆరే రిటార్డర్ థిన్నర్ వాడండి. వాయుసేన గుండ్రటి గుర్తు అంటించే ముందు నిగనిగలాడే క్లియర్ పూత ఒకటి తప్పనిసరి, లేకుంటే స్టిక్కరు కింద గాలి చిక్కి వెండిలా మెరుస్తుంది. గుర్తులో కాషాయం బయట, ఆకుపచ్చ మధ్యలో. తిరగేసిన నమూనాలు చాలా కనిపిస్తాయి.

స్టాండు కడ్డీ 4 మి.మీ. ఉక్కుది చాలు. రెక్క కింద వేలు మీద నిలబెట్టి, తూకం కుదిరిన చోటే రంధ్రం వేసి అరాల్డైట్‌తో బిగించాలి. బస్సు పార్సిల్లో పంపేదైతే బిగించకండి, కడ్డీ విడిగా పెట్టి తోక చుట్టూ స్పాంజి దట్టంగా కుక్కండి.