పిల్లల ఆటకి వెళ్ళే పెద్దల చలిబట్టలు: కొన్నేళ్ళు వాడాక

చలికాలం శనాదివారాలు పొద్దున్నే మైదానం పక్కన నిలబడటం నాకు కొన్నేళ్ళుగా అలవాటైపోయింది. ఈలోపు నేను కొన్నవీ, ఎవరో ఇచ్చినవీ, చిరిగి అవతల పారేసినవీ కలిపితే పెద్ద గుట్టే అవుతుంది. అందులో ఏది పనికొచ్చింది, ఏది బీరువా దాటి బయటికి రాలేదు అన్నదే ఈ సమీక్ష. జాకెట్ సంగతి కోసం వచ్చినవాళ్ళు కాస్త ఓపిక పట్టాలి. నా లెక్కలో దాని వరస కాళ్ళ తర్వాత, కూర్చునే చోటు తర్వాత.

చలిబట్టల మీద అట్ట ముక్క కట్టి రాసే పొగడ్తలన్నీ కదిలే మనుషుల కోసం. కొండలెక్కేవాళ్ళు, మంచులో జారేవాళ్ళు, పొద్దున్నే పరిగెత్తేవాళ్ళు. మనం ఆ బాపతు కాదు. కదలకుండా కూర్చున్న పెద్ద మనిషి ఒంట్లో పుట్టే వేడి సుమారు 100 వాట్లు, అంటే పాతకాలం ఫిలమెంట్ బల్బు ఒకటి. లేచి నిలబడితే ఇంకాస్త, అంతే. మైదానంలో పరిగెత్తే పిల్లలు మాత్రం ఊరికే కూర్చున్నప్పటి కంటే ఎన్నో రెట్లు వేడి పుట్టిస్తారు. అందుకే వాళ్ళు పొట్టి చేతుల జెర్సీల్లో చెమటలు కక్కుతుంటే మనం పళ్ళు పటపటలాడిస్తూ చప్పట్లు కొడుతుంటాం.

దీనికి శాస్త్రంలో ఒక కొలత కూడా ఉంది. బట్టల వెచ్చదనాన్ని కొలవడానికి 1941లో ‘క్లో’ అని ఒకటి పెట్టారు. 21 డిగ్రీల గదిలో తీరిగ్గా కూర్చున్న మనిషికి సరిపోయే మామూలు సూటు ఒక క్లో. అదే మనిషిని సున్నా డిగ్రీల్లో ఆరుబయట చాలాసేపు కూర్చోబెడితే నాలుగు క్లోల దాకా కావాలి. పరిగెత్తేవాడికి ఒక్కటి కూడా ఎక్కువే. కాబట్టి ఎంత పేరున్న కంపెనీదైనా, పరుగు కోసం కుట్టిన జాకెట్ వేసుకుని గట్టు మీద కూర్చుంటే వణుకు తప్పదు.

ఇక కాళ్ళు. ఆట చూసేవాళ్ళలో చలి మొదట పట్టుకునేది పాదాలనే. నేల పాదాల్లోంచి వేడిని నేరుగా లాగేస్తుంది, పైనుంచి ఎంత కప్పుకున్నా ఆ దారి మూసుకోదు. స్పోర్ట్స్ షూస్ అయితే మరీ ఘోరం. పైన జాలీ గుడ్డ, పొద్దున గడ్డి మీద మంచు. ఆట మొదలయ్యేలోపే సాక్సు ముందు భాగం తడిసిపోతుంది. గాలి కంటే నీళ్ళు ఇరవై రెట్లకు పైగా వేగంగా వేడిని మోసుకుపోతాయి, ఇక బొటనవేలు ఉందో లేదో కూడా తెలియదు. రబ్బరు గమ్‌బూట్లు తడిని ఆపుతాయి కానీ చలిని ఆపవు. పైగా లోపల చెమట పట్టి అదీ చల్లబడుతుంది. చివరికి నాకు కుదిరినవి మందం అడుగున్న, నీళ్ళు దిగని, చీలమండ దాటే బూట్లు. మామూలు కొలత కంటే అర సైజు పెద్దవి తీసుకున్నాను. ఆ అర సైజు చాలా ముఖ్యం. బిగుతు బూటులో రెండు జతల సాక్సులు కుక్కితే పాదానికి రక్తం సరిగ్గా ఆడదు, వెచ్చదనాన్ని పట్టి ఉంచే గాలికీ చోటుండదు. వదులు బూటులో ఒక్క మందపాటి ఉన్ని జత దానికంటే నయం.

బూట్లలో వేసుకునే నమదా అట్టలు, అదే ఉన్నిని ఒత్తి చేసే ఫెల్ట్ ఇన్‌సోల్స్, మొదటి చలికాలం బ్రహ్మాండంగా పనిచేస్తాయి. రెండో ఏటికి మడమ దగ్గర అప్పడంలా నొక్కుకుపోతాయి. అవి మార్చాల్సిన సరుకే అనుకుని కొనుక్కోవాలి. సాక్సుల విషయంలో మాత్రం నాకో పట్టింపు ఉంది: ఇంట్లో తొడుక్కున్న జతతో ఆటకి కూర్చోను. సామాన్లు మోసి, కారు హీటర్ దగ్గర కాళ్ళు పెట్టి, మైదానం చేరేసరికి అవి కొద్దిగా చెమ్మగా ఉంటాయి. అక్కడికి వెళ్ళాక పొడి జత మారుస్తాను. మా అమ్మాయికి ఇది చూస్తే తల కొట్టేసినట్టు ఉంటుందట, అయినా సరే.

ఇన్నేళ్ళలో నా దగ్గర అన్నిటికంటే బాగా నిలబడిన వస్తువు ఒక ఫోమ్ చాప ముక్క. వ్యాయామానికి పరుచుకునే మందం చాపని కత్తెరతో రెండు ముక్కలు చేశాను. ఒకటి కాళ్ళ కింద, ఒకటి కూర్చునే చోట. నీళ్ళు పీల్చని రకం ఫోమ్ తీసుకోవాలి. దాని లోపలి బుడగలు దేనికది మూసుకుని ఉంటాయి. స్పాంజి రకమైతే వాన నీళ్ళన్నీ తాగి కూర్చోగానే మన మీదే వదులుతుంది. నా ముక్క అంచులు పెచ్చులూడాయి, ఒక మూల కుక్కపిల్ల కొరికిన గుర్తులున్నాయి, మధ్యలో గుంట పడింది. అయినా దాని మీద ఒక కాలు, బయట ఒక కాలు పెట్టి పావుగంట నిలబడి చూడండి, తేడా కాళ్ళే చెప్తాయి. గాలి ఊదుకునే దిండు కూడా వాడాను. లోపలి గాలి అటూ ఇటూ కదులుతూ వేడిని కిందికి దించేస్తుంది, ఒక్క ముల్లు గుచ్చుకుంటే పనే అయిపోయింది.

అల్యూమినియం బెంచీల గురించి ఎంత చెప్పినా తక్కువే. చెక్క బెంచీ ఎంత చల్లగా ఉందో అదీ అంతే చల్లగా ఉన్నా, వేడిని లాగే వేగం ఎన్నో రెట్లు ఎక్కువ. మడత కుర్చీ తెచ్చుకుంటే ఆ బాధ లేదనుకుంటాం. కానీ దాని గుడ్డ పల్చన, కిందనుంచి గాలి కొడుతూనే ఉంటుంది. కాబట్టి కుర్చీలో కూడా ఫోమ్ ముక్క వేసుకోవాల్సిందే.

నడుము నుంచి మోకాళ్ళ దాకా ఉన్న భాగాన్ని అందరూ మర్చిపోతారు. పైన మూడు పొరలు, కింద ఒక జీన్స్! జీన్స్ తడిస్తే ఆ పూటకి ఆరదు, ఆరకుండానే తొడలకు అంటుకుని ఉంటుంది. థర్మల్ లెగ్గింగ్స్ మీద గాలి దూరని వదులు ప్యాంటు వేస్తే సరిపోతుంది. ఒళ్ళో కప్పుకోవడానికి ఫ్లీస్ దుప్పటి, అంటే ఉన్నిలా నూగుండే పాలిస్టర్ గుడ్డది, మెత్తగా బాగుంటుంది కానీ గాలి దానిలోంచి దర్జాగా వచ్చేస్తుంది. ఒక వైపు ఫ్లీస్, ఇంకో వైపు రెయిన్‌కోటు గుడ్డ ఉన్న దుప్పటి దొరికితే వదలకండి. నాది ఎన్నిసార్లు ఉతికానో లెక్కే లేదు. ఫ్లీస్ వైపు ఉండలు కట్టింది, గుడ్డ వైపు మాత్రం చెక్కు చెదరలేదు.

ఒంటికి అంటుకుని ఉండే లోపలి పొర గురించి వాదనలు చాలా ఉన్నాయి. కాటన్ వేస్తే కొంప మునుగుతుందని కొండలెక్కేవాళ్ళు అంటారు. వాళ్ళ వరకు అది నిజమే, చెమట పట్టి ఆగినప్పుడు తడి కాటన్ ఒంటి వేడిని పీల్చేస్తుంది. చెమటే పట్టని మనకి కాటన్ బనియన్ అంత ప్రమాదమేమీ కాదు. అయితే పార్కింగ్ నుంచి కుర్చీలూ సంచులూ మోసుకుంటూ నడిచే ఆ కాసేపు మనమూ చెమట పడతాం. అందుకే నేను మెరినో అనే జాతి గొర్రెల సన్నటి ఉన్నికి మారాను. అది తన బరువులో మూడో వంతు దాకా తేమ పీల్చుకున్నా తడిగా అనిపించదు, రెండు రోజులు వరసగా వేసుకున్నా వాసన రాదు. దాని లోపాలు కూడా చెప్పాలి. చంకల దగ్గరా, సంచి పట్టీ రాసుకునే చోటా తొందరగా చిల్లులు పడ్డాయి. బీరువాలో పురుగులకి మహా ఇష్టం. ధరా ఎక్కువే. పాలిస్టర్ థర్మల్స్ ఇనుములా మన్నుతాయి, కానీ పాతబడ్డాక ఉతికి ఆరేసినా ఒక రకమైన వాసన వదలదు.

ఇప్పుడు జాకెట్. ఈకల జాకెట్లు, అంటే డౌన్ జాకెట్లు, 600, 800 అని అంకెలు వేసి అమ్ముతారు. ఒక ఔన్సు ఈకలు ఎన్ని ఘనపు అంగుళాల చోటు నింపుతాయన్నది ఆ అంకె. అంకె పెరిగితే అదే వెచ్చదనం తక్కువ బరువులో వస్తుంది, డబ్బు పెట్టేది ఆ తేలికదనానికే. వీపున మోసుకుని కొండెక్కేవాడికి అది కావాలి. కారు దిగి నాలుగడుగులు వేసే మనకి దేనికి? పైగా తడిస్తే ఈకలు ముద్దకట్టి వెచ్చదనం పోతుంది. సింథటిక్ దూది నింపిన బరువైన కోటు తడిసినా కొంత కాపాడుతుంది, ఇంట్లో మెషీన్లో పడేయొచ్చు. మోకాళ్ళ దాకా పొడవుండాలి. జిప్పు కిందనుంచి కూడా తెరుచుకోవాలి, లేకపోతే కూర్చున్నప్పుడు కోటంతా గడ్డం దాకా ఎగదన్నుతుంది. తలమీది హుడ్ టోపీ పైనుంచి పట్టేంత పెద్దదై ఉండాలి. దుకాణంలో అద్దం ముందు నిలబడి చూసుకోకుండా కుర్చీలో కూర్చుని చూసుకోండి. నడుము దాకా వచ్చే స్టయిలు జాకెట్ ఒకటి నా దగ్గర కొత్తదానిలాగే ఉంది. ఎందుకంటే దాన్ని వేసుకున్నది తక్కువ.

గాలిని తక్కువ అంచనా వేయొద్దు. థర్మామీటర్ 5 డిగ్రీలు చూపిస్తున్నా గంటకు 20 కిలోమీటర్ల గాలి వీస్తే ముఖానికి అది 1 డిగ్రీలా తగులుతుంది. సున్నా దగ్గర 30 కిలోమీటర్ల గాలి అయితే మైనస్ 6. మైదానాలకు చుట్టూ గోడలుండవు కదా. ఫ్లీస్ స్వెటర్ ఒక్కటే వేసుకుని, ఇంత మందంగా ఉన్నా చలేస్తోందేమిటి అనుకునేవాళ్ళకి జవాబు ఇదే. దాని మీద ఒక పల్చటి విండ్‌చీటర్ వేస్తే అదే ఫ్లీస్ వేరే బట్టలా పనిచేస్తుంది.

వానకి, కంపెనీలు గొప్పగా చెప్పే ‘ఊపిరాడే’ గుడ్డ కోసం డబ్బు పోయనక్కర్లేదు. చెమట పట్టనివాళ్ళకి దానితో పనేముంది? అతుకుల మీద లోపలి వైపు టేపు వేసిన మామూలు రెయిన్‌కోటు, ఇందాక చెప్పిన దూది కోటు మీద పట్టేంత వదులుది, చాలు. కొన్నాళ్ళకి నీటి బొట్లు జారకుండా గుడ్డలోకి ఇంకుతుంటే కోటు పోయిందనుకుని పారేయకండి. చాలాసార్లు మట్టి పట్టి పైపూత పనిచేయకపోవడమే కారణం. లేబుల్ ఒప్పుకుంటే ఉతికి, తక్కువ వేడిలో డ్రయ్యర్‌లో తిప్పితే బొట్లు మళ్ళీ జారతాయి. గొడుగు మాత్రం నేను మానేశాను. వెనక కూర్చున్నవాళ్ళ తిట్లు ఒక ఎత్తు, “అమ్మా, ఆ గొడుగు దింపు, నువ్వు చూస్తున్నావో లేదో నాకు కనపడట్లేదు” అని గీత దగ్గరికొచ్చి మరీ మా అమ్మాయి అరవడం ఒక ఎత్తు.

చేతులకి వేళ్ళన్నీ ఒకే గదిలో ఉండే మిటెన్స్ నిజంగా వెచ్చన, కానీ ఫోన్ తీయలేం, లేసు కట్టలేం. లోపల పల్చటి గ్లవ్స్, పైన మిటెన్స్, ఇదే నా ఏర్పాటు. జేబులో పెట్టుకునే హీట్ ప్యాకెట్లలో ఉండేది ఇనుప పొడి, ఉప్పు, బొగ్గు. గాలి తగిలితే ఇనుము తుప్పు పడుతూ వేడినిస్తుంది. అందుకే చేతి ప్యాకెట్ బూటులో పెడితే గాలి ఆడక చల్లారిపోతుంది, కాళ్ళకి విడిగా అమ్మేవి వాడాలి. ఆట తొందరగా అయిపోతే ప్యాకెట్‌ని గాలి చొరని జిప్ కవర్లో బిగించండి, మర్నాటి ఆటకి కొంత మిగులుతుంది. ఒంటికి నేరుగా తగలనివ్వద్దు, కాలిన మచ్చలు పడతాయి. బ్యాటరీతో వేడెక్కే వెస్టు కూడా వాడాను. వీపు హాయిగా ఉంటుంది, కాదనను. కానీ చలిలో బ్యాటరీ తొందరగా దిగిపోతుంది. సరిగ్గా ఆట రసపట్టులో ఉండగా చల్లబడితే ముందుకంటే ఎక్కువ వణుకొస్తుంది. దాన్నే నమ్ముకుని కోటు మానేసేవాళ్ళకి నేను చెప్పను.

ఒంటి వేడిలో సగం తలలోంచే పోతుందన్న మాట నమ్మకండి. తల మన ఒంటి పైభాగంలో పదో వంతు కూడా ఉండదు, పోయే వేడీ దాదాపు అదే లెక్కలో ఉంటుంది. అయినా చెవులకి చలి తట్టుకోలేం కాబట్టి మంకీ క్యాప్‌కి నా ఓటు, ఫొటోల్లో ఎలా పడ్డా సరే. మఫ్లర్ ముక్కు దాకా లాగితే కళ్ళద్దాలు మసకబారి, గోల్ ఎవరు కొట్టారో పక్కవాళ్ళని అడగాల్సి వస్తుంది. మెడకి మాత్రమే చుట్టుకోవడం మేలు.

ఇంత చేసి పిల్లల్నే మర్చిపోతుంటాం. ఆడుతున్నంతసేపు వాళ్ళకి చలి తెలియదు. సబ్‌స్టిట్యూట్‌గా బయట కూర్చోబెట్టిన క్షణం నుంచి వాళ్ళూ మనలాంటివాళ్ళే, పైగా చెమటతో తడిసి ఉంటారు. జెర్సీ మీదనుంచి ఒక్క లాగుతో తొడుక్కోగలిగే పెద్ద సైజు కోటు గీత పక్కనే సిద్ధంగా ఉంచాలి. ఆట అయ్యాక పొడి బనియన్, పొడి సాక్సులు, అప్పుడే కారు. చిన్నపిల్లలకి కార్ సీటు వాడుతుంటే ఉబ్బెత్తు కోటు మీద బెల్టు పెట్టొద్దు. గుద్దుకున్నప్పుడు ఆ దూది నొక్కుకుపోయి బెల్టు వదులవుతుంది. కోటు విప్పి, బెల్టు బిగించి, ఆ తర్వాత కోటుని ముందునుంచి కప్పండి.