టెట్‌కి, డీఎస్సీకి ఈ పాత బడి పుస్తకాలే నాకు అండ

టీచరు శిక్షణ కోర్సు డీఎడ్ అయ్యాక హైదరాబాద్ కోఠిలో మూడు నుంచి ఎనిమిదో తరగతి దాకా పాత ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు వెతికి కొన్నాను. ఎస్‌జీటీకి, అంటే ప్రాథమిక బడి టీచరు ఉద్యోగానికి చదివేవాళ్లు మొదట పట్టాల్సినవి ఇవే.

టీచర్ల అర్హత పరీక్ష టెట్ పేపర్ 1లో 150 మార్కులుంటే శిశు వికాసం, రెండు భాషలు, గణితం, పరిసరాల విజ్ఞానం ఒక్కోదానికి 30. చివరి రెండింటికీ ఈ పుస్తకాలే పునాది. పైగా టెట్ మార్కులకు టీచర్ల నియామక పరీక్ష డీఎస్సీలో 20 శాతం వెయిటేజీ ఉంది కాబట్టి పాసైతే చాలనుకోవద్దు.

నాకొచ్చిన నాలుగో తరగతి గణితంలో భిన్నాల దగ్గర ఎవరో పిల్లవాడు రొట్టె బొమ్మను పెన్సిల్‌తో నాలుగు ముక్కలు చేశాడు. ముక్కలు సమానంగా లేవు. పిల్లలు ఎక్కడ పొరబడతారో నాకు ఆ గీతల్లోనే తెలిసింది. ఏ గైడూ ఇంత దగ్గరగా చూపించలేదు.

ఒక కోచింగ్ సెంటర్ మెటీరియల్ కూడా కొన్నాను. మనోవైజ్ఞానికుడు పియాజే చెప్పిన పదిలపరచుకునే భావన (ఆకారం మారినా పరిమాణం మారదని గ్రహించడం) పూర్వ ప్రచాలక దశలోనే, అంటే సుమారు రెండు నుంచి ఏడేళ్ల మధ్యే వస్తుందని అందులో అచ్చేశారు. అది ఆ తర్వాతి మూర్త ప్రచాలక దశలో కదా వచ్చేది! పరీక్షకు పది రోజుల ముందు అది చూసి ఎంత టెన్షన్ పడ్డానో.

లోటు ఒకటుంది, సైకాలజీ, బోధనా పద్ధతులు వీటిలో దొరకవు. వాటికి డీఎడ్ పుస్తకాలు తీయాల్సిందే. కొనలేనివాళ్లు ఈ పుస్తకాలు తయారుచేసే రాష్ట్ర సంస్థ ఎస్‌సీఈఆర్‌టీ వెబ్‌సైట్‌లో పాఠ్యపుస్తకాలు ఉచితంగా దించుకోవచ్చు. నేనైతే కాగితం మీదే చదువుతాను, అంచుల్లో రాసుకోవాలి మరి.