ప్రెయిరీ డాగ్‌ల అదుపు: మందు గింజలా, గడ్డి పెంచడమా?

అమెరికాలో సౌత్ డకోటా పశువుల రైతుకి ప్రెయిరీ డాగ్ పేరెత్తితే ఒళ్లు మంట. అది ఉడుత జాతి, బరువు కిలో అటూ ఇటూ. కాలనీకి వెళ్తే బొరియకో మట్టిదిబ్బ, దిబ్బ మీద నిటారుగా నిలబడి కాపలా కాసేది ఒకటి, చుట్టూ నేలబారుగా కొరికేసిన గడ్డి. తినడానికే కాదు, డేగలూ నక్కల్లాంటి కొయోటీలూ దూరం నుంచే కనబడాలని ఎత్తు మొక్కల్ని కొరికి పడేస్తుంది. ఈ అలవాటుతో తర్వాత పని పడుతుంది.

ముందు మందుల సంగతి. జింక్ ఫాస్ఫైడ్ మన రైతులకి కొత్తేం కాదు, నూకల్లో నూనెతో కలిపి ఎలుకలకి పెట్టేదే. అక్కడ నూకల బదులు ఓట్స్. రెండు మూడు రోజుల ముందు ఉత్త ఓట్స్ చల్లి రుచి మరిగించాలి, ఆపైన 2 శాతం మందు కలిపినవి దిబ్బ అంచున చెంచాడు చొప్పున వెయ్యాలి. నేరుగా మందే పెడితే కొంచెం రుచి చూసి, ఒంట్లో తేడా చేశాక మళ్లీ ముట్టదు. పచ్చగడ్డి దొరికినన్నాళ్లూ గింజల వంక చూడదు కాబట్టి గడ్డి ఎండాకే ఈ పని. గింజలు తినే పిట్టలకి ముప్పుంది, కుప్పలు పొయ్యకూడదు.

రోజోల్ అనే మరో మందు గింజల వాడకం సులువు. ముందుగా రుచి మరిగించే పని లేదు, బొరియలో ఆరంగుళాల లోపలికి పోస్తే సరి. రక్తం గడ్డకట్టనివ్వని మందు కనుక చావుకి రోజులు పడుతుంది. ఈలోగా నీరసించి పైన తిరిగేదాన్ని డేగో బ్యాడ్జరో తింటే మందు దానికీ ఎక్కుతుంది. మళ్లీ మళ్లీ వెళ్లి కళేబరాలు ఏరాలని లేబుల్ మీదే రాసి ఉంటుంది. ఎంతమంది వెళ్తారంటారు? జింక్ ఫాస్ఫైడ్ కడుపులోనే ఫాస్ఫీన్ వాయువుగా మారుతుంది, కండలో పెద్దగా మిగలదు. ఈ రెంటిలో నా ఓటు దానికే.

అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలు బొరియ బొరియకీ వేసి మూయాలి, నేలలో తడి ఉండాలి. మిగిలిపోయిన నాలుగింటికి సరే, ఎకరాలకి ఎకరాలంటే కూలీ గిట్టదు. బొరియల్లో కాపురముండే గుడ్లగూబలున్నచోట ఆ ఊసే వద్దు. పట్టి వేరేచోట వదలడం వినసొంపుగానే ఉంటుంది, ఎవరి నేలలో వదలాలి? కొలరాడోలో మరో కౌంటీకి తరలించాలంటే అక్కడి కమిషనర్లు ఒప్పుకోవాలి.

ఇక గడ్డి. చుట్టుపక్కల కనబడని చోటికి కాలనీ సులువుగా పాకదు. సరిహద్దు వెంట ఒక పట్టీలో మేత ఆపి గడ్డి ఎదగనిస్తే అదే అడ్డుగోడ. మందు ఒక్కటే నమ్ముకుంటే ఖాళీ అయిన బొరియల్లోకి పక్క కాలనీవి దిగిపోతాయి.

సౌత్ డకోటాలోనే కొనాటా బేసిన్‌లో చూడండి. అక్కడ నల్లకాళ్ల ఫెర్రెట్‌లనే ముంగిసలాంటి అరుదైన జంతువులున్నాయి, వాటి తిండి దాదాపు అంతా ప్రెయిరీ డాగే. 2008లో ప్లేగు తగిలి కాలనీలు ఊడ్చుకుపోతుంటే, ప్లేగుని మోసే ఫ్లీ పురుగుల్ని చంపడానికి బొరియల్లో డెల్టామెత్రిన్ పొడి కొట్టారు. ప్రైవేటు పొలాల అంచున మందు పెట్టి చంపడం, లోపల పొడి కొట్టి బతికించడం! వింతగా ఉన్నా నాకు సబబుగానే తోస్తుంది.

నేనైతే అంచున గడ్డి ఎండాక జింక్ ఫాస్ఫైడ్, మరుసటి ఏడు ఆ పట్టీలో మేత బంద్, నడిమి కాలనీ జోలికి పోను. చిక్కల్లా కరువు ఏడాదితోనే. అప్పుడు గడ్డి లేవదు, పశువుల్ని ఆ పట్టీలోకి తోలకుండా రైతూ ఉండలేడు.