జర్మనీ ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో మాస్టర్స్: చదివిన విద్యార్థి సమీక్ష

జర్మనీలో చదువు ఉచితమన్న మాట విని చాలామంది ఆ దేశం వైపు చూస్తున్నారు. ఆ మాటలో నిజమెంత, ఆ చదువు విద్యార్థిని ఏమడుగుతుంది, బదులుగా ఏమిస్తుంది అన్నవి వివరంగా చెప్పడానికే ఈ సమీక్ష రాస్తున్నాను. అక్కడి ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో ఇంగ్లిష్ మాధ్యమంలో ఇంజినీరింగ్ మాస్టర్స్ పూర్తి చేశాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. బోధన, పరీక్షలు, ప్రయోగశాలలు, గ్రంథాలయం విషయంలో ఆ చదువుకు వంక పెట్టడానికి లేదు. విద్యార్థి వెంటపడి గుర్తుచేసే అలవాటు మాత్రం ఆ వ్యవస్థకు లేదు. నియమాలన్నీ రాసిపెట్టి ఉంటాయి. వాటిని చదువుకుని, గడువులు చూసుకుని, ఎవరి పని వారే చేసుకోవాలి. ఈ పద్ధతి కొందరికి ఎంతో హాయిగా ఉంటుంది, కొందరిని మొదటి సెమిస్టర్‌లోనే కుంగదీస్తుంది.

ముందు డబ్బు సంగతి. చాలా రాష్ట్రాల్లోని ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు విదేశీ విద్యార్థుల నుంచి కూడా ట్యూషన్ ఫీజు తీసుకోవు. అయితే ఇది దేశమంతటికీ వర్తించే నియమం కాదు. స్టుట్‌గార్ట్, హైడెల్‌బర్గ్, కార్ల్స్‌రూహే వంటి నగరాలున్న బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రం 2017-18 శీతాకాల సెమిస్టర్ నుంచి యూరోపియన్ యూనియన్‌కు చెందని విద్యార్థుల దగ్గర సెమిస్టర్‌కు 1,500 యూరోలు వసూలు చేస్తోంది. మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం 2024-25 శీతాకాల సెమిస్టర్ నుంచి కొత్తగా చేరే అలాంటి విద్యార్థులకు ఫీజు పెట్టింది. మాస్టర్స్‌కు అది సెమిస్టర్‌కు 4,000 నుంచి 6,000 యూరోల వరకు ఉంటుంది. ఫీజు లేని చోట కూడా సెమిస్టర్ కాంట్రిబ్యూషన్ కట్టాలి. విద్యార్థి సేవా సంస్థ, విద్యార్థి సంఘం, చాలాచోట్ల బస్సు, రైలు పాసు ఖర్చులు అందులోనే కలిసి ఉంటాయి. ప్రయాణాల పాసును లెక్కలోకి తీసుకుంటే అది భారమనిపించే మొత్తం కాదు.

అసలు భారం జీవన వ్యయం. వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో, అంటే నెలకు ఇంతేనని పరిమితితో డబ్బు తీసుకోనిచ్చే బ్యాంకు ఖాతాలో, ఏడాదికి 11,904 యూరోలు ముందుగానే చూపాలన్న నిబంధన 2024 సెప్టెంబర్ నుంచి అమల్లోకి వచ్చింది. ఆ డబ్బు విద్యార్థిదే, కానీ నెలకు 992 యూరోల చొప్పునే చేతికి వస్తుంది. అద్దె, ఆరోగ్య బీమా, తిండి, రేడియో, టీవీల కోసం ఇంటికి నెలకు 18.36 యూరోల ప్రసార రుసుము అన్నీ అందులోంచే పోవాలి. చిన్న పట్టణాల్లో ఆ మొత్తంతో జాగ్రత్తగా నెల గడుస్తుంది. మ్యూనిక్‌లో గడవడం చాలా కష్టం. ముప్పై ఏళ్లు దాటినవారికి ప్రభుత్వ ఆరోగ్య బీమాలో విద్యార్థి రాయితీ సాధారణంగా వర్తించదు కాబట్టి, ఉద్యోగం చేసి ఆలస్యంగా చదువుకు వెళ్లాలనుకునేవారు బీమా ఖర్చును ముందే వేరుగా లెక్క వేసుకోవడం మంచిది.

దరఖాస్తు దశ ఓపికను పరీక్షిస్తుంది. కొన్ని విశ్వవిద్యాలయాలు నేరుగా తమ పోర్టల్‌లోనే దరఖాస్తు తీసుకుంటాయి. చాలా విశ్వవిద్యాలయాలు విదేశీ ధ్రువపత్రాల పరిశీలనను యూని-అసిస్ట్ అనే సంస్థకు అప్పగించాయి. ఆ సంస్థ రుసుము ఒక సెమిస్టర్‌లో మొదటి దరఖాస్తుకు 75 యూరోలు, ఆ తర్వాత ఒక్కోదానికి 30 యూరోలు. భారతదేశంలో చదివినవారికి 2022 నవంబర్ నుంచి ఏపీఎస్ ధ్రువపత్రం, అంటే మన చదువు పత్రాలు అసలైనవేనని పరిశీలించి ఇచ్చే ధ్రువపత్రం కూడా తప్పనిసరి అయింది. మార్కులను జర్మన్ స్కేలుకు మార్చడానికి ఎక్కువ చోట్ల సవరించిన బవేరియన్ సూత్రం వాడతారు. అందులో 1.0 అత్యుత్తమం, 4.0 పాసు హద్దు. పది పాయింట్ల పద్ధతిలో 8.0 సీజీపీఏ వచ్చిన విద్యార్థికి, వారి విశ్వవిద్యాలయంలో పాసు హద్దు 4 అయితే జర్మన్ గ్రేడు 2.0 అవుతుంది, అదే హద్దు 5 అయితే 2.2 అవుతుంది. 2.0 లేదా అంతకన్నా మెరుగైన గ్రేడు ఉన్నవారినే పరిశీలిస్తామని చెప్పే కోర్సు విషయంలో ఈ చిన్న తేడాయే సీటును నిర్ణయించగలదు. కాబట్టి పాసు హద్దును స్పష్టంగా చూపించే పత్రాన్ని తమ విశ్వవిద్యాలయం నుంచి ముందే తెచ్చుకోవాలని దరఖాస్తు చేసే ప్రతి ఒక్కరికీ గట్టిగా చెబుతున్నాను.

ఇక్కడే ఏజెంట్ల గురించి ఒక మాట. ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు దరఖాస్తు చేయడానికి మధ్యవర్తి అక్కర్లేదు. 1925లో ఏర్పడిన డీఏఏడీ అనే జర్మన్ విద్యా వినిమయ సంస్థ తన వెబ్‌సైటులో ఇంగ్లిష్‌లో బోధించే కోర్సులను వెతుక్కునే వీలు కల్పించింది. భాషా అర్హత, గడువు, ఫీజు వివరాలు అక్కడే ఉంటాయి. ఉచితంగా సాయం చేస్తామనే ఏజెంట్లలో కొందరు, కమిషన్ ఇచ్చే ప్రైవేటు కళాశాలల వైపు పిల్లలను మళ్లిస్తున్నారు. ఏడాదికి వేల యూరోలు కట్టి, ఎక్కువ భాగం ఆన్‌లైన్‌లో నడిచే కోర్సులో చేరి, ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో చదువుతున్నామనుకుని వచ్చిన వారిని అక్కడ చూసి బాధపడ్డాను. కోర్సు పేరు కన్నా ముందు అది ప్రభుత్వ సంస్థా, ప్రైవేటు సంస్థా అన్నది చూడాలి.

చేరిన తర్వాత మొదటి నెలంతా కాగితాల పనే. కొత్త ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు నగర కార్యాలయంలో చిరునామా నమోదు చేయించుకోవాలని చట్టం చెబుతుంది. దానికి ఇంటి యజమాని సంతకం చేసిన పత్రం కావాలి. చిరునామా నమోదు అయితేనే మిగతా పనులు సాఫీగా సాగుతాయి. కానీ ఇల్లు దొరకడమే అన్నింటికన్నా కష్టం. విద్యార్థి సేవా సంస్థల హాస్టళ్లు చవకైనవి, శుభ్రమైనవి. వాటి వెయిటింగ్ లిస్టు మాత్రం చాలా నగరాల్లో సెమిస్టర్ల పొడవునా సాగుతుంది. సీటు ఖరారు అయ్యేదాకా ఆగకుండా, దరఖాస్తు పంపిన వారంలోనే హాస్టల్‌కు కూడా పేరు ఇవ్వడం మేలు. నివాస అనుమతి పొడిగింపు విషయంలో నేనున్న నగరపు విదేశీయుల కార్యాలయం నన్ను నిజంగా ఇబ్బంది పెట్టింది. ఈమెయిళ్లకు నెలల తరబడి జవాబు రాలేదు, పాత అనుమతి గడువు ముగిసే వేళకు తాత్కాలిక పత్రం ఒకటి చేతికి వచ్చింది. ఆ పత్రంతో చదువుకు, పనికి ఆటంకం లేకపోయినా, అదే సమయంలో ఇంటికి వెళ్లి రావాలనుకునేవారికి అది పెద్ద ఆందోళన. ఈ సేవకు మాత్రం తక్కువ మార్కులే ఇవ్వగలను.

చదువు దగ్గరికి వస్తే చెప్పడానికి ఎంతో ఉంది. మాస్టర్స్ అంటే సాధారణంగా 120 ఈసీటీఎస్ (యూరప్ దేశాల ఉమ్మడి పద్ధతి) క్రెడిట్లు, సెమిస్టర్‌కు 30. ఒక్కో క్రెడిట్ వెనుక 25 నుంచి 30 గంటల పని ఉంటుందని లెక్క. ఆరు క్రెడిట్ల సబ్జెక్టుకు వారానికి నాలుగు గంటలే తరగతులు ఉన్నాయంటే, మిగిలినదంతా విద్యార్థి తనంతట తాను చదవాల్సిన భాగమని అర్థం. ప్రతి సబ్జెక్టుకు మాడ్యూల్ హ్యాండ్‌బుక్‌లో ఒక పేజీ ఉంటుంది: ముందుగా ఏం తెలిసి ఉండాలి, ఏం నేర్పుతారు, పరీక్ష రాతలోనా, మాటలోనా, ఎంతసేపు అన్నీ అందులో ఉంటాయి. అందులో చెప్పినదానికి భిన్నంగా ఒక్క పరీక్ష కూడా నాకు ఎదురుకాలేదు. ఆ నిజాయతీ నాకెంతో నచ్చింది.

ఎక్కువ సబ్జెక్టుల్లో తరగతికి హాజరు తప్పనిసరి కాదు. మిడ్ పరీక్షలు, ఇంటర్నల్ మార్కులు అన్న ఆసరా కూడా చాలావాటిలో ఉండదు. సెమిస్టర్ చివర జరిగే ఒకే పరీక్ష మొత్తం గ్రేడును నిర్ణయిస్తుంది. అంతకన్నా ముఖ్యంగా, కోర్సులో చేరినంత మాత్రాన పరీక్షకు పేరు నమోదైనట్టు కాదు. పోర్టల్‌లో గడువులోపు పరీక్షకు విడిగా నమోదు చేసుకోవాలి. గడువు దాటితే ప్రొఫెసర్ కూడా సాధారణంగా ఏమీ చేయలేరు. నమోదు చేసుకుని హాజరు కాకపోతే, వైద్యుని ధ్రువపత్రం లేనప్పుడు, చాలాచోట్ల దాన్ని తప్పినట్టుగానే లెక్కిస్తారు. తప్పినవారికి అవకాశాలు అనంతం కావు. అనేక విశ్వవిద్యాలయాల్లో ఒక పరీక్షకు మూడు అవకాశాలే ఉంటాయి. తప్పనిసరి సబ్జెక్టులో మూడోసారీ తప్పితే నమోదు రద్దవుతుంది, అదే కోర్సులో మరో జర్మన్ విశ్వవిద్యాలయంలో చేరే దారి కూడా మూసుకుపోవచ్చు. బాగా చదివే విద్యార్థులు సైతం ఈ నియమం తెలియక, సిద్ధం కాకుండానే ‘ఒకసారి రాసి చూద్దాం’ అని మొదటి అవకాశాన్ని పోగొట్టుకోవడం నా సహాధ్యాయుల్లో చూశాను. ప్రతి కోర్సుకూ ఉండే పరీక్షల నియమావళి జర్మన్‌లో ఉన్నా సరే, అనువాదం చేయించుకుని మొదటి వారంలోనే పూర్తిగా చదవాలి.

ఆ పరీక్షల విధానంలో నన్ను అన్నింటికన్నా ఆకట్టుకున్నది జవాబుపత్రాన్ని చూసుకునే హక్కు. ఫలితాలు వచ్చాక విభాగం ఒక రోజు, ఒక గది ప్రకటిస్తుంది. విద్యార్థి గుర్తింపు కార్డు బల్ల మీద పెట్టి కూర్చుంటే, సహాయకుడు మన జవాబుపత్రాన్ని, పక్కనే నమూనా సమాధానాన్ని తెచ్చి పెడతాడు. ప్రతి అడుగుకు ఇచ్చిన అర పాయింటు, ఒక పాయింటు అంచున రాసి ఉంటాయి; లెక్క మధ్యలో ఒక సంఖ్య తప్పినా, ఆ తర్వాతి పద్ధతి సరిగా ఉంటే దానికి పాయింట్లు ఇచ్చారని గుర్తు కనబడుతుంది. అభ్యంతరం ఉంటే అక్కడే ఒక కాగితం మీద ప్రశ్న సంఖ్యతో సహా కారణం రాసి ఇవ్వవచ్చు. డైనమిక్స్ పరీక్షలో నా ఒక అభ్యంతరాన్ని అంగీకరించి గ్రేడును 2.3 నుంచి 2.0కు మార్చారు. మరో సబ్జెక్టులో అంగీకరించలేదు, కానీ సహాయకుడు ఎందుకు అంగీకరించలేదో గీసి చూపించి మరీ చెప్పాడు. పెద్దలను ప్రశ్నించడానికి సంకోచించే మన పిల్లలు ఆ గదికి వెళ్లడం మానేస్తారు. తప్పక వెళ్లాలి. అక్కడ ప్రశ్నించడాన్ని ఎవరూ అమర్యాదగా చూడరు, పైగా తర్వాతి పరీక్ష ఎలా రాయాలో ఆ కాసేపట్లో తెలిసినంతగా మరెక్కడా తెలియదు.

ప్రొఫెసర్లతో సంబంధం మర్యాదగా, కాస్త దూరంగా ఉంటుంది. ముందుగా సమయం తీసుకుని, స్పష్టమైన ప్రశ్నతో వెళితే ఎంతో ఓపికగా చెబుతారు. గ్రంథాలయాలు, కంప్యూటర్ ల్యాబులు, సాఫ్ట్‌వేర్ లైసెన్సులు అన్నీ సమృద్ధిగా ఉన్నాయి. క్యాంటీన్‌లో విద్యార్థి కార్డు చూపితే రాయితీ ధరకు భోజనం దొరుకుతుంది, శాకాహారమూ ఉంటుంది.

పని చేసుకుంటూ చదవడం సాధ్యమే. 2024 మార్చి నుంచి విదేశీ విద్యార్థులు ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 అర రోజులు పని చేయవచ్చు. విశ్వవిద్యాలయంలో విద్యార్థి సహాయకుడిగా చేసే పనిని ఈ లెక్కలో కలపరు. నా సలహా మాత్రం మొదటి సెమిస్టర్‌లో పనికి వెళ్లకుండా గడపగలిగేంత డబ్బు చేతిలో ఉంచుకోవాలని. గిడ్డంగిలో రాత్రి షిఫ్టు చేసి పొద్దున తరగతికి వచ్చిన మిత్రుల మొదటి పరీక్షలే దెబ్బతిన్నాయి. ఒక ఏడాది ఆగి తమ సబ్జెక్టుకు దగ్గరైన కంపెనీలో వర్కింగ్ స్టూడెంట్‌గా, అంటే చదువుకుంటూనే పార్ట్‌టైమ్ ఉద్యోగిగా చేరినవారికి డబ్బూ వచ్చింది, థీసిస్ చేసే చోటూ దొరికింది.

భాష విషయంలో కోర్సు ప్రకటనలు పూర్తి చిత్రం ఇవ్వవు. తరగతి గదిలో జర్మన్ రాకపోయినా ఇబ్బంది లేదు. ఇంటి ఒప్పందం, బీమా ఉత్తరం, డాక్టరు అపాయింట్‌మెంట్, అన్నింటికీ మించి చదువు తర్వాతి ఉద్యోగం, ఇవన్నీ జర్మన్‌లోనే నడుస్తాయి. విశ్వవిద్యాలయాల భాషా కేంద్రాలు తక్కువ ఖర్చుతోనో ఉచితంగానో తరగతులు నడుపుతాయి, కానీ సీట్లు త్వరగా నిండిపోతాయి. బయలుదేరే ముందే ఏ2 స్థాయి (ఏ1 నుంచి సీ2 వరకు ఉండే భాషా స్థాయిల్లో రెండోది) వరకు నేర్చుకుని వెళ్లినవారు మొదటి సెమిస్టర్‌లో ఎంతో సుఖపడటం చూశాను. డిగ్రీ చేతికి వచ్చాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలల నివాస అనుమతి ఇస్తారు. జర్మన్ డిగ్రీతో తగిన ఉద్యోగంలో రెండేళ్లు పని చేసి, పింఛను చందాలు కట్టి, దాని తర్వాతిదైన బీ1 స్థాయి భాష చూపగలిగినవారు శాశ్వత నివాసానికి అర్హులవుతారు. నాతో చదివినవారిలో ఆ 18 నెలలు పూర్తికాకముందే ఉద్యోగం సంపాదించినవారిలో ఎక్కువమంది రెండో సెమిస్టర్‌లోనే జర్మన్ తరగతుల్లో చేరి, థీసిస్ రాసే ఆరు నెలల్లో కూడా వాటిని వదలనివారే.