ఫైసేరమా, డిక్టియోస్టీలియమా: పరిశోధనకు ఏ స్లైమ్ మోల్డ్?

పేరులో మోల్డ్ ఉన్నా ఈ రెండూ బూజులు కావు, అమీబాలకు దగ్గరి చుట్టాలు.

ఫైసేరమ్ పసుపు రంగులో పరుచుకునే ఒకే ఒక కణం; లోపల లెక్కలేనన్ని కేంద్రకాలు. మెదడు లేదు, నాడులు లేవు. అయినా 2000లో జపాన్ శాస్త్రవేత్త నకగాకి బృందం దాన్ని పద్మవ్యూహం లాంటి దారుల్లో పెంచి రెండు కొసల్లో ఓట్స్ పెడితే, మిగతా దారులు వదిలేసి దగ్గరి దారినే ఉంచుకుంది. 2010లో టోక్యో చుట్టుపక్కల ఊళ్లు మ్యాపులో ఎలా ఉంటాయో అలాగే ఓట్స్ పేర్చి ఉంచితే, అక్కడి రైలు మార్గాలను పోలిన వల అల్లింది. కిటుకంతా దాని ఒంట్లోని గొట్టాల్లోనే ఉంది: ద్రవం ఎక్కువగా పారే గొట్టం లావవుతుంది, తక్కువ పారేది సన్నబడి మాయమవుతుంది. ఇంతకన్నా అందమైన అల్గారిథమ్ నేను చూడలేదు.

డిక్టియోస్టీలియమ్ విడివిడి కణాలుగా బతుకుతుంది. తినడానికి బాక్టీరియా దొరకనప్పుడు సైక్లిక్ ఏఎంపీ అనే రసాయనంతో ఒకదాన్నొకటి పిలుచుకుని, లక్ష దాకా కణాలు ఒక్కటవుతాయి. దీని జీనోమ్ (జన్యు సమాచారమంతా) 2005లోనే వచ్చేసింది, జన్యువులు మార్చడమూ తేలికే.

అందుకే జన్యువుల స్థాయిలో కారణాలు వెతికేవాళ్లకు రెండోదే మేలు. దారులు, నెట్‌వర్క్‌ల లెక్కలకైతే నా ఓటు ఫైసేరమ్‌కే. మామూలు కెమెరాతోనే దాని పనంతా గమనించవచ్చు. కాకపోతే ఓపిక కావాలి, గంటకు కొద్ది సెంటీమీటర్లే కదులుతుంది.